గాలికి కట్ట

ఊళ్ళో తిరిగినంతసేపూ మా ఫాల్కన్ బుద్ధిమంతురాలే.
అర్జెంట్ వీధిలో సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగినా
ముల్లు సగం దగ్గరే కూచుంటుంది.
హైవే ఎక్కి వంద దాటిందా,
కాక్‌బర్న్ రాకముందే
ఎర్రగీత వైపు పాకుతుంది.

ఇదేం వింత లార్నా, అంటాడు మెర్విన్ తాత,
ఎంత ఉరికితే అంత గాలి తగలాలి కదా.
తగలాలి.
థెర్మోస్టాట్ మార్చాను. నీళ్ళ పంపు మార్చాను.
రేడియేటర్ కొత్తది, ఇంకా వాయిదాలు కడుతున్నాను.

మూడు వారాలకోసారి ఆయన కంట్లో సూది.
బ్రోకెన్ హిల్ నుంచి అడిలైడ్ ఐదొందల కిలోమీటర్లు.
బయట నలభైమూడు డిగ్రీలు,
లోపల హీటర్ ఫుల్లు మీద.
అవును, హీటరే.
ఇంజిన్ జ్వరాన్ని మా కాళ్ళ మీదికి దించుకుని
మెడకి తడి తువ్వాళ్ళు చుట్టుకుని
ఒలారీ, మన్నహిల్, యంటా.
"గనిలో ఇంతకంటే ఉక్క" అని
ఒక్కో ఊరికి ఒక్కో లోతు చెబుతాడు తాత.
యంటాలో ఆగాక మాత్రం బూట్లు విప్పి
కుళాయి కింద పాదాలు పెడతాడు.
ఏమీ అనడు.
నేను బానెట్ ఎత్తి అటు తిరిగి నించుంటాను.

డ్రాగో తుక్కు యార్డులో ఫ్యాన్ కోసం వెతుకుతూ
వెల్లకిలా పడుకున్నప్పుడు కనబడింది.
మాదే మోడల్, మాదే ఏడాది,
బంపర్ కింద జానెడు నల్ల పట్టీ.
సోకు కోసం పెట్టారనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.
మా బండికి అది లేదు.
కింది పెదవి లేనివాడు నీళ్ళు తాగినట్టు
మాది గాలి తాగుతోంది.
నోటిదాకా వచ్చిందంతా గడ్డం కింద జారి
పొట్ట కిందికి పోతోంది.
పోయి ఊరుకోదు,
లోపలి వేడి దిగే దారికి అడ్డంపడి కూచుంటుంది.

పగిలిన పట్టీకి డ్రాగో తొంభై డాలర్లు అడిగాడు.

తాత షెడ్డులో, పనిబల్ల ముందు
కన్వేయర్ బెల్టు ముక్క ఒకటి ఉంది.
ఏళ్ళ తరబడి సీసం, జింకు మోసిన రబ్బరు,
రిటైరయ్యాక చలికాలం ఆయన పాదాల కింద చాప.
"కొయ్యి" అన్నాడు.
ముందు బీరు అట్టపెట్టెతో కొలత తీశాను.
సబ్బునీళ్ళు చల్లుతూ కోశాను, మూడు బ్లేళ్ళు విరిగాయి.
పాత దోమతెర తలుపు ఫ్రేమే బద్దీ.
ఎనిమిది బోల్టులు కావాలి, ఏడే దొరికాయి,
ఎనిమిదో చోట ఇనప తీగ.

బిగించాక తాత నేలమీద కూచున్నాడు.
చూపు సరిగా ఆనదు కదా,
నేలకీ రబ్బరుకీ మధ్య నాలుగు వేళ్ళు దూర్చి
ఈ చివర నుంచి ఆ చివరకి జరిపాడు, పసిబిడ్డ చిగుళ్ళు తడిమినట్టు.
"ఎడమ పక్క గోరు మందం దిగింది."
పర్లేదులే తాతా.
"విప్పు."

మర్నాడు కాక్‌బర్న్ దాటాం. నూటపది.
"ముల్లెక్కడుంది?"
సగం.
ఒలారీ దాటాం.
"ఇప్పుడు?"
సగమే.
నేనింకా నమ్మలేదు, తువ్వాలు కూడా తీయలేదు.
ఎదురుగా రోడ్‌ట్రెయిన్ ఒకటి వెళ్ళింది, బండి ఊగింది,
ముల్లు కదల్లేదు.
మన్నహిల్ ఎత్తు మీద ఆయన చెయ్యి చాచి
డాష్‌బోర్డంతా తడుముకుని
రేడియో నొక్కి, అది కాదని ఆపి,
హీటర్ మీట దొరికించుకుని తిప్పేశాడు.

ఎంత చప్పుడు చేసేదో ఆ హీటర్,
ఆగాకే తెలిసింది.

యంటా బంకు మెట్ట ఎక్కేటప్పుడు
పట్టీ సిమెంటుకి గర్రుమని రాసుకుంది.
కుక్క మొరిగింది. పంపు దగ్గరి పిల్లాడు వంగి చూశాడు.
ఒక అంగుళం కోసేద్దామా అన్నాను.
"అదే అరుగుతుందిలే" అన్నాడు తాత,
బూట్లు విప్పకుండానే దిగి
టీ తేవడానికి నడిచాడు.